కంప్యూటరుకు కరెంటు పంచే పెట్టె

మన శృంగవరపుకోట ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. కంప్యూటరు భాగాలకు ముఖ్యంగా కావలసినవి 12, 5, 3.3 వోల్టులే. ఈ మార్పు చేసే పెట్టె పేరు పవర్ సప్లై.

అది పాడై కొత్తది కొనవలసివస్తే, పైనున్న పెద్ద అంకెను మాత్రమే నమ్మకండి. రెండు పెట్టెలమీదా 450 వాట్లని ఉందనుకోండి. చీటీలో 12 వోల్టుల కింద ఒకదానికి 18 ఆంపియర్లు, రెండవదానికి 36 ఉన్నాయి. గుణించి చూడండి: మొదటిది 216 వాట్లే, రెండవది 432! ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువగా వాడుకునేది ఈ 12 వోల్టులనే. అవి చాలకపోతే కంప్యూటరు నడుమ ఆగిపోయి, మీరు దాచుకోని పని పోతుంది. పెట్టె కొలతలు, తీగల కొనలు కూడా పాతదానితో సరిపోవాలి.

పాత పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా, లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.