ముఖాన్ని దిద్దే శస్త్రచికిత్స

పసిబిడ్డ పై పెదవి చీలికతో పుడితే మన పల్లెలలో దానిని 'గ్రహణపు మొర్రి' అంటారు. నర్మాల వద్ద ఎగువ మానేరు జలాశయం గల గంభీరావుపేట మండలంలోనైనా, ఎక్కడో సముద్రతీరాన ఉన్న గ్రామంలోనైనా ఈ నమ్మకం ఒక్కటే. ఆ పేరులోనే ఒక నింద దాగి ఉన్నది. గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణవేళ బయటకు వచ్చిందనో, కత్తిపీట ముట్టుకున్నదనో ఇరుగుపొరుగు చెప్పుకుంటారు. బిడ్డకు కలిగిన లోపానికి తల్లి దోషిగా నిలబడుతుంది. నిజానికి గర్భం ధరించిన తొలి వారాలలోనే శిశువు ముఖం రూపు కడుతుంది. అప్పుడు ఇరువైపుల నుండి పెరిగి వచ్చే కణజాలం నడుమ కలియవలసిన చోట కలియకపోతే చీలిక మిగిలిపోతుంది. వంశపారంపర్యం, గర్భిణి వాడిన కొన్ని మందులు, పొగాకు వంటివి ఇందుకు దోహదం చేయవచ్చు. కొన్నిసార్లు ఏ కారణమూ కనిపించదు. చంద్రునికి మాత్రం ఇందులో ప్రమేయం లేదు.

ఈ లోపాన్ని సరిదిద్దవచ్చు. సాధారణంగా మూడు నుండి ఆరు నెలల వయస్సులో పెదవిని, ఏడాది వయస్సు ప్రాంతంలో అంగిలిని కలుపుతారు. అంగిలి చీలిక ఉన్న బిడ్డ ఉచ్చారణ ముక్కుతో మాట్లాడినట్లు ఉంటుంది. మాటలు నేర్చే వయస్సు దాటక ముందే చికిత్స చేయవలెననడానికి కారణమిదే. ఆరోగ్యశ్రీ పథకం కింద మొర్రికి చికిత్స లభిస్తుంది. ఇంత జరిగే వీలున్నా, తెలియక పెద్దవయస్సు వరకు పెదవిని పైటకొంగుతోనో, చేతితోనో దాచుకుని బ్రతికినవారు మన మధ్యనే ఉన్నారు.

ఇటువంటి చికిత్స 'ప్లాస్టిక్ సర్జరీ' అనే శాఖకు చెందినది. ఈ పేరు విని ముఖంలో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి కుట్టుతారని భావించేవారున్నారు. మలచడం అనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చినది. మనం బకెట్లకు, బిందెలకు వాడే ప్లాస్టిక్‌కు ఆ పేరు అటుపిమ్మటనే ఏర్పడినది. ఈ శాఖకు రెండు ముఖాలున్నాయి. పుట్టుకతోనో, ప్రమాదంతోనో, కాలిన గాయంతోనో చెడిన అవయవాన్ని బాగుచేయడం ఒకటి. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్నే మరింత అందంగా దిద్దడం రెండవది. రెండవదానినే సౌందర్య శస్త్రచికిత్స అంటున్నాము. రెంటిలోనూ నైపుణ్యం ఒక్కటే. రెండింటి నడుమ గీత గీయడం అంత సులభం కాదు.

ఈ విద్యకు పుట్టినిల్లు మన దేశమేనని చెప్పడం అతిశయోక్తి కాదు. సుశ్రుతసంహితలో తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి నిర్మించే విధానం ఉన్నది. పోయిన ముక్కుకు సరిపడే ఆకును తీసుకుని, ఆ కొలతకు చర్మాన్ని ఒక అంచు అతుక్కుని ఉండేటట్లు కోసి, ముక్కు స్థానంలో అమర్చి, శ్వాస ఆడడానికి రెండు గొట్టాలు పెట్టవలెనని అందులో చెప్పబడినది. ఈ సంప్రదాయం గ్రంథాలలోనే ఆగిపోలేదు. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎడ్లబండ్లు తోలిన కావస్‌జీ అనే వ్యక్తి టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి ముక్కును, ఒక చేతిని కోల్పోయాడు. ఏడాది గడిచాక పూనా సమీపంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కును అమర్చాడు. మైనంతో ముక్కు నమూనా చేసి, దానిని చదును చేసి నుదుటిపై పరచి, ఆ గీత వెంట చర్మాన్ని కోసి కిందికి మడిచాడు. కనుబొమ్మల నడుమ సన్నని చర్మపు వంతెనను మాత్రం తెంచలేదు. రక్తం ప్రవహించేది ఆ వంతెన ద్వారానే. అది లేకుంటే కొత్త ముక్కు ఎండిపోతుంది. సుమారు ఇరవై అయిదు రోజుల తరువాత, కొత్త ముక్కు కుదురుకున్నాక, దానిని వేరు చేసేవారు. ఈ వృత్తాంతం 1794లో లండనులోని 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్'లో అచ్చయినది. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు 1814లో లండనులో అదే పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు. మట్టిని మలిచే కులపు చేతులలో నిలిచిన విద్య అట్లా సముద్రాలు దాటినది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు చికిత్స చేసిన హెరాల్డ్ గిలీస్ కాలానికి ఇది ప్రత్యేక శాస్త్రంగా ఎదిగినది.

నేడు సౌందర్యం కోసం ఎక్కువగా చేసే శస్త్రచికిత్సలలో ముక్కుది ఒకటి. ముక్కు పైభాగంలో ఎముక, కిందిభాగంలో మృదులాస్థి ఉంటాయి. తరచుగా నాసారంధ్రాల లోపలి నుండే కోసి, ఎత్తైన గూనును అరగదీస్తారు. వంకరను సరిచేస్తారు. కొనను సన్నబరుస్తారు. లోపలి గోడ వంగి ఊపిరి ఆడనివారికి ఇది అలంకారం కాదు, ఉపశమనం. చికిత్స జరిగిన మరునాడే అద్దంలో కొత్త ముక్కు కనిపిస్తుందనుకోవడం పొరపాటు. కండ్ల కింద కమిలిన మచ్చలు రెండు వారాలకు తగ్గినా, వాపు పూర్తిగా తీసి అసలు రూపు తేలడానికి ఏడాది పట్టవచ్చు. ఎముకల ఎదుగుదల ముగియక ముందు దీనిని చేయరు. బాలికలకు పదిహేను పదహారేండ్లు, బాలురకు మరికొంత ఎక్కువ వయస్సు రావలెను. ఇంకొక సంగతి. ముక్కు పెద్దదని వచ్చేవారిలో కొందరికి నిజంగా లోపం గడ్డంలో ఉంటుంది. గడ్డం లోపలికి ఉన్నందువల్ల ముక్కు ముందుకు వచ్చినట్లు తోస్తుంది. అటువంటివారికి గడ్డపుటెముకను ముందుకు జరపడమో, సిలికాన్ అమర్చడమో మేలు.

వయస్సు పైబడినవారికి కనురెప్పల చర్మం వేలాడుతుంది. అధికంగా ఉన్న చర్మాన్ని తొలగిస్తే ముఖం తేటపడుతుంది. చూపుకు అడ్డు వచ్చేంతగా రెప్పలు వాలినవారికి చూపు కూడా మెరుగవుతుంది. కండ్ల కింది నల్లని రంగు మాత్రం దీనితో పోదు. చెవి ముందు నుండి వెనుకకు కోసి, చర్మం కింది పొరను బిగించి, చెంపల జారుడును సరిచేసే చికిత్స మరొకటి. ఇది గడియారాన్ని కొన్నేండ్లు వెనుకకు తిప్పుతుంది గాని ఆపలేదు. నుదుటి ముడతలకు వాడే బొటాక్స్ శస్త్రచికిత్స కాదు, సూదిమందు. దాని ప్రభావం మూడు నాలుగు నెలలే. కాలిన గాయాల మచ్చలను, ఆమ్లదాడుల మచ్చలను పలుచన చేయవచ్చు, బిగిసిన చర్మాన్ని వదులు చేయవచ్చు. పూర్తిగా చెరిపివేయగల కత్తి నేటికీ లేదు.

మీ వయస్సు వారిని బాధించేది చాలావరకు చేతిలోని ఫోను. అడుగు దూరం నుండి తీసిన చిత్రంలో ముక్కు, అయిదడుగుల నుండి తీసినదానికంటే సుమారు ముప్పై శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలోని పరిశోధకులు లెక్కకట్టారు. లేని లోపాన్ని కెమెరా చూపుతున్నదన్నమాట. ఎంత దిద్దినా తృప్తి చెందక, చిన్న లోపాన్నే రోజంతా తలచుకునేవారికి కావలసినది శస్త్రచికిత్సకుడు కాదు, మానసిక వైద్యుడు. మంచి సర్జను అటువంటివారికి కత్తి పట్టడు. మత్తుమందు, రక్తస్రావం, చీము, రెండు వైపులా సమానంగా రాకపోవడం వంటి ప్రమాదాలు ప్రతి శస్త్రచికిత్సలోనూ ఉంటాయి. వైద్యపట్టా తరువాత శస్త్రచికిత్సలోను, అటుపైన ప్లాస్టిక్ సర్జరీలోను ప్రత్యేక శిక్షణ పొందినవారా అని అడిగి తెలుసుకోవడం అవమానం కాదు. సౌందర్యశాల బోర్డు వేసిన ప్రతి చోటా ఆ అర్హత ఉండదు.

అన్నింటిలో చిన్నది చెవితమ్మెకు చేసే చికిత్స. ఏండ్ల తరబడి బరువైన గంటీలు ధరించిన మన అవ్వలకు చెవి రంధ్రం సాగి సాగి, చివరకు తమ్మె రెండుగా చీలిపోతుంది. తెగిన తమ్మెను కలిపే పదిహేను విధానాలను సుశ్రుతుడు చెప్పాడు. నేడు ఆ భాగం వరకే మత్తు ఇచ్చి, చీలిక అంచులను తొలగించి, కుట్లు వేసి అదే రోజు ఇంటికి పంపుతారు. కొన్ని నెలల తరువాత పాత మచ్చకు పక్కగా కొత్త రంధ్రం కుట్టించుకుని, ఈసారి తేలికైన కమ్మలు పెట్టుకోవచ్చు.