వార్తల్లో పదం: యూనికోడ్ మార్పిడి

పత్రిక కోసం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన వ్యాసాన్ని ఉన్నదున్నట్టు వెబ్‌సైట్‌లో పెడితే తెలుగు కనిపించదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా కనిపిస్తాయి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కలను ఇరికించాయి మరి. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యనిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుంచే సొంత సంఖ్యలున్నాయి, ‘క’ది 3093. ముక్కలను మళ్లీ అక్షరాలుగా అతికించే పనే ఈ మార్పిడి. కన్వర్టర్ క్షణాల్లో చేసేస్తుంది గానీ, అక్కడక్కడా వత్తులు తారుమారవుతాయి. కాలమ్ చివర విరిచిన మాట వెబ్‌లోనూ ‘ప్రభు-త్వం’గానే మిగిలిపోతుంది. ‘తరువాయి 5వ పేజీలో’ కూడా వెంటే వచ్చేస్తుంది. అందుకే రెండోసారి ప్రూఫ్ చూడక తప్పదు. అలాగని మార్పిడి మానలేం, యూనికోడ్‌లోకి రాని తెలుగు ఎంత వెతికినా గూగుల్‌లో దొరకదు. నన్నడిగితే, మొదటే యూనికోడ్‌లో టైపు చేసి, ఆ తర్వాత అచ్చుకు మళ్లించడమే మేలు.