ప్రయాణంలో అమీర్ ఎవరు?

లాలాపేట్ గల్లీలలో మాతో కలిసి పెరిగి, తార్నాక మీదుగా ఉస్మానియా ప్రాంగణానికి సైకిళ్లపై తిరిగిన మిత్రులలో ఇద్దరు ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో స్థిరపడ్డారు. వారు ఉమ్మడిగా ఒక చిన్న తెరచాప పడవ సమకూర్చుకున్నారు. వారి ఆహ్వానంపై మొన్న మార్చిలో మేము, మరొక పాత మిత్రుడు వెళ్లి, తీరం వెంట ఉత్తరంగా భీమునిపట్నం దాకా పోవాలని బయలుదేరాము.

నీరంటే హుస్సేన్‌సాగరే తెలిసిన మనకు సముద్రపు లెక్క వేరు. శీతకాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి మార్చి నాటికి నైరుతికి మళ్లుతుంది. తీరప్రవాహమూ ఉత్తరంగానే సాగుతుంది. అందువల్ల ఆ రోజుల్లో పోవడం సులువు, రావడమే కష్టం. గాలి మళ్లే ఈ ఋతువునే అరబ్బు నావికులు ‘మౌసిమ్’ అన్నారు. మన ‘మౌసమ్’, ఆంగ్లేయుల ‘మాన్సూన్’ అందులోంచి వచ్చినవే. గోల్కొండ కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రానికి సాగిన హజ్ యాత్రికుల ఓడలు ఈ వేళ చూసుకునే కదిలేవి.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది మహాప్రవక్త (స) బోధ. మేము నలుగురం. వయసులో చిన్నవాడైనా గాలి గుణం తెలిసిన మిత్రుణ్ణే ఎన్నుకున్నాము. రుషికొండ దాటాము. ఎడమవైపు తొట్లకొండ కనిపించింది. జుహర్ వేళకు నిలబడితే పడిపోయేంతగా పడవ ఊగుతుండగా కూర్చునే నమాజు చేశాము. ఆపై గాలి ఇంకా పెరిగింది.

“వెనక్కి మళ్లుదాం” అన్నాడు అమీర్.

“భీమిలి ఇంకెంత దూరం? ఇంతదాకా వచ్చి మళ్లుతామా?” అన్నారు మాలో పెద్దవారు.

“చేరడం తేలికే భాయిజాన్. అక్కడ అలలకు అడ్డుకట్ట లేదు, ఒడ్డుకెక్కేటప్పుడే పడవ తిరగబడుతుంది. విశాఖలో రేవుంది.”

పెద్దవారు మారు మాట్లాడక తెరచాప తాడు అందుకున్నారు. ఎదురుగాలిలో అటూ ఇటూ వాలుగా సాగుతూ మగ్రిబ్‌కు రేవు చేరాము. ఆ రాత్రి వారే తమ చేతులతో అమీర్‌కు అన్నం వడ్డించారు. నలభై ఏళ్ల స్నేహానికి ఆ పూట మరింత బలం చేకూరింది.

సెలవుల్లో కుటుంబాలతో ప్రయాణమయ్యే సోదర సోదరీమణులు ఈ సంగతి గమనించాలి. నీటిపై పోయేవారు లైఫ్ జాకెట్లు తప్పక ధరించాలి. మన హైదరాబాద్‌లోనే ఉన్న ‘ఇన్‌కాయిస్’ సంస్థ అలల ఎత్తు గురించి ముందస్తు సమాచారం ఇస్తుంది, దానిని చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు అమీర్‌ను నిర్ణయించుకోవాలి. ఆ బాధ్యత వయసును బట్టి కాక తెలివిడిని బట్టి అప్పగించాలి. అప్పగించిన తరువాత, మన మనసుకు నచ్చని మాట చెప్పినప్పుడు కూడా ఆయన మాట వినాలి.