విశాఖలో మూడు రోజులు: చూడదగ్గవి, తినదగ్గవి

మన ఇళ్ళలో ప్రయాణమంటే చాలావరకు పెళ్ళికో, పురుడుకో, పరామర్శకో. ఇంటిల్లిపాదీ కలిసి కేవలం చూడటానికి ఒక ఊరు వెళ్దామంటే రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, డబ్బు దండగ. రెండు, అక్కడ హలాల్ భోజనం ఎలా? రెండో ప్రశ్నకు జవాబు దొరక్క చాలామంది స్టవ్, బియ్యం, మసాలాలు వెంట కట్టుకుపోతారు. అప్పుడు అందరికీ సెలవు దొరుకుతుంది, ఇంటి ఇల్లాలికి తప్ప. ఈసారి పొయ్యి వెలిగించకూడదనే షరతు పెట్టుకుని, దాదీమాను, పిల్లల్ని తీసుకుని మేము విశాఖపట్నం వెళ్ళాం.

జుమా రోజు నగరంలోనే

కొండల ప్రయాణం శనివారానికి పెట్టుకుని, శుక్రవారం నగరంలోనే ఉండేలా చూసుకున్నాం. పాత నగరంలో రేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై చర్చి, మరొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. దర్గా కొండ మీద నుంచి చూస్తే 1933లో ప్రారంభమైన రేవు, దాని వెనుక డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి.

జుమా తర్వాత బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్ళాం. పాత డచ్ బంగళాలో 1991లో దీన్ని ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇక్కడుంది. యుద్ధమంటే బొమ్మ తుపాకుల ఆట అనుకునే పిల్లలు దాని ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విరమించింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం మనిషి వంగి నడవాలి. గుండ్రటి ద్వారాలు దాటడం మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం కనుక దాదీమా బయటే కూర్చున్నారు. ఎదురుగా టీయూ-142 విమానం. 29 ఏళ్ళు సేవ చేసిన ఈ విమానాన్ని 2017లో మ్యూజియంగా తెరిచారు. ఈ మ్యూజియాలకు వెళ్ళేముందు సెలవు రోజులు, వేళలు కనుక్కోవడం మంచిది.

గుహలు, కొండలు

శనివారం బొర్రా గుహలకు, అక్కడినుంచి అరకు లోయకు. సున్నపురాతి పొరల్లోంచి నీరు ఒక్కో చుక్కే జారి, వేల ఏళ్ళలో పైనుంచి వేలాడే స్తంభాల్ని, కిందనుంచి లేచే స్తంభాల్ని తయారు చేసింది. మెట్లు తడిగా ఉంటాయి. పట్టు గల చెప్పులు వేసుకోవాలి. అరకులో 1996లో ఏర్పాటైన గిరిజన మ్యూజియం, లోయలో పండే కాఫీ రెండూ వదులుకోకూడనివి. ఇంత దూరం వెళ్ళినప్పుడు ప్రయాణికుడికి నమాజ్‌లో ఖస్ర్ వెసులుబాటు ఉండనే ఉంది.

ఎర్ర దిబ్బలు

ఆదివారం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశాం. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి మోసుకొచ్చిన ఇసుక ఇక్కడ మేటలు వేసింది. అందులోని ఇనుము వేల ఏళ్ళకు ఎర్రగా మారింది. వాన నీరు దాన్ని కోసి లోయలు చేసింది. 2025లో ఈ దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కానీ ఇది రాయి కాదు, ఇసుక. చేత్తో గీరితే రాలుతుంది. పిల్లలు వాలు మీద జారితే వారికది ఒక నిమిషం సరదా, దిబ్బకు మాత్రం పూడని గాయం. మా పిల్లల్నీ దించేశాం. సీసాలు, కవర్లు సంచిలో వెనక్కి తెచ్చాం.

దిబ్బలు దాటితే భీమిలి. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ముందురోజు బొర్రా గుహల దగ్గర మేము చూసింది ఈ నదినే. సముద్రం మాత్రం కళ్ళతో చూడటానికే. ఈ తీరంలో లోతు హఠాత్తుగా పెరుగుతుంది. మోకాలి లోతు అనుకుని దిగినవారు ఏటా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

భోజనం సంగతి

మా షరతు నిలబడింది. నగరంలో ముస్లింలు నడిపే హోటళ్ళున్నాయి. దగ్గరి మసీదులో అడిగితే చెబుతారు. మిగతా చోట్ల చేపల పులుసు, అన్నం. చేపకు జబహ్ అవసరం లేదు కదా! రొయ్యల విషయంలో హనఫీ ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి కనుక ఎవరి పద్ధతి వారిది. వేపుడైతే అదే నూనెలో ఇంకేమైనా వేయించారా అని అడగాలి. అరకు దారిలో బొంగులో చికెన్ వాసన నోరూరిస్తుంది. కోడిని ఎవరు కోశారని మేము అడిగితే అమ్మే ఆయన ఏమీ అనుకోలేదు. ఉన్న సంగతి చెప్పి, మాకు గుడ్లు ఉడికించి ఇచ్చారు. మర్యాదగా అడిగితే మర్యాదగానే జవాబు వస్తుంది. అడగడానికి మొహమాటపడి ఇంట్లో కూర్చోవడమే మనం చేసుకుంటున్న నష్టం.

బస్సు, రైలు చార్జీలు, సాదా గది, మితమైన భోజనం చాలనుకుంటే ఖర్చు అదుపులోనే ఉంటుంది. వచ్చే సెలవులకు కుటుంబంతో బయలుదేరండి. పెద్దల మోకాళ్ళను బట్టి చోట్లు ఎంచుకోండి. స్టవ్ మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి.