కాళ్ళకు రాని వేడిగాలి

మోటారు బండిలో వేడిగాలి కావాలని మన ఊళ్ళలో ఎవరూ కోరుకోరు. మే నెలలో విజయవాడలో బండి ఎక్కినవాడికి అది అడగకుండానే కావలసినంత దొరుకుతుంది! కాని అమెరికాలో ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రం సంగతి వేరు. జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 20 సెంటిగ్రేడు డిగ్రీలు దిగువకు పోవడం వింతేమీ కాదు. హీటరు లేని బండిని అక్కడ ఎవరూ బయటికి తీయరు.

అక్కడి రైతులూ పనివాళ్ళూ ఎక్కువగా వాడేది పికప్ ట్రక్కు. ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి ఉంటాయి. 1980లలోనూ 1990లలోనూ తయారైన ఇలాంటి ట్రక్కులు పాతబడ్డాక ఒక తమాషా జబ్బు కనిపిస్తూ ఉంటుంది. హీటరు వేస్తే ఫ్యాను గిర్రున తిరుగుతుంది. గాలి వేడిగానే వస్తుంది. కాని మీటను పాదాల బొమ్మ దగ్గర పెట్టినా గాలి మాత్రం ముందు అద్దానికే కొడుతుంది. కాళ్ళు కొయ్యబారిపోతాయి. ఏమై ఉంటుంది?

ముందు, చెడనిది ఏదో తేల్చుకుందాం. ఇంజనులో మండే పెట్రోలు ఇచ్చే వేడిలో దాదాపు మూడోవంతు, ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి పోతుంది. సుమారు 90 డిగ్రీలకు కాగిన ఆ నీరు డాష్ బోర్డు వెనక ఉన్న ఒక చిన్న రేడియేటరులోకి వస్తుంది. ఫ్యాను దాని గుండా గాలిని తోస్తుంది. గాలి వేడిగా, జోరుగా వస్తున్నదంటే ఇవన్నీ బాగానే ఉన్నట్టు. ఇక మిగిలింది గాలికి దారి చూపే తలుపు. వేడిగాలి తేలిక కనుక పైకి పోతుంది. అందుకే దాన్ని కింద, పాదాల దగ్గర వదలాలి. పైన వదిలితే పైనే ఉండిపోతుంది.

ఆ తలుపును తిప్పేది ఎవరు? ఇలాంటి ట్రక్కులు చాలావాటిలో ఆ పని చేసేది తీగ కాదు, విద్యుత్తూ కాదు. శూన్యం!

పెట్రోలు ఇంజను ఊరికే నిలబడి తిరిగేటప్పుడు గాలి లోపలికి పోయే దారి దాదాపు మూసి ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటాయి. దాంతో ఆ దారిలో పీడనం పడిపోతుంది. బయట 760 మిల్లీమీటర్ల పాదరసమట్టం ఉంటే లోపల 260 ఉండవచ్చు. తేడా 500. అక్కడినుంచి సన్నని గొట్టం ఒకటి డాష్ బోర్డు వెనక ఉన్న చిన్న డబ్బీకి పోతుంది. డబ్బీలో రబ్బరు పొర, పొరకు కడ్డీ, కడ్డీకి తలుపు. పొర అడ్డుకొలత 5 సెంటీమీటర్లు అనుకుని లెక్క కట్టి చూడండి: దాని మీద బయటి గాలి సుమారు 13 కిలోల బరువుతో నొక్కుతుంది. లోపలి శూన్యం లాగుతున్నదని అంటాం గాని, నిజానికి బయటి గాలే నెడుతుంది.

ఇంజను వేడికి ఏళ్ళ తరబడి మాగిన ప్లాస్టిక్ గొట్టం పెళుసెక్కి ఎక్కడో చిట్లుతుంది. శూన్యం పోతుంది. అప్పుడు స్ప్రింగు తలుపును అద్దం వైపుకు లాగేస్తుంది. అద్దం వైపుకే ఎందుకు? అది బండి రూపొందించినవారు కావాలని పెట్టిన ఏర్పాటు. కాళ్ళు చల్లబడితే బాధే, కాని అద్దం మీద మంచు పేరుకుంటే డ్రైవరుకు దారి కనిపించదు. మన రైళ్ళలో చాలాకాలం వాడిన వాక్యూమ్ బ్రేకులూ ఇంతే. గొట్టంలో శూన్యం ఉన్నంతసేపు చక్రాలు తిరుగుతాయి. చైను లాగినా, గొట్టం తెగినా లోపలికి గాలి చొరబడి బ్రేకులు వాటంతటవే పడతాయి.

మరి చిల్లిని పట్టుకోవడం ఎలా? ఫ్యాను ఆపి, చెవి ఒగ్గితే డాష్ బోర్డు వెనకనుంచి 'స్‌స్‌' మని వినిపించవచ్చు. ఇంకో ఆనవాలు ఎత్తు ఎక్కేటప్పుడు దొరుకుతుంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే గాలిదారి పూర్తిగా తెరుచుకుని శూన్యం దాదాపు మాయమవుతుంది. ఆ కాసేపటి కోసమే శూన్యాన్ని దాచిపెట్టే ఒక డబ్బా, దాన్ని వెనక్కి పోనివ్వని కవాటం ఉంటాయి. మట్టం మీద కాళ్ళకు వచ్చే గాలి, ఎత్తులో అద్దానికి మారి, దిగేటప్పుడు మళ్ళీ కాళ్ళకు వస్తున్నదా? అయితే ముందు ఆ కవాటాన్నీ డబ్బానూ అనుమానించాలి. ఈ పరీక్షకు పనిముట్టు ఏదీ అక్కరలేదు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ఇవేవీ తేల్చకపోతే మెకానిక్కు చిన్న చేతిపంపును నేరుగా పొర ఉన్న డబ్బీకి తగిలిస్తాడు. నాలుగుసార్లు లాగితే ముల్లు పైకి లేస్తుంది. అది నిలబడి, తలుపు కదిలిందా, పొర మంచిదే, చిల్లి ఇంజను వైపు ఎక్కడో ఉంది. ముల్లు జారిపోతే పొరే చినిగింది. చాలాసార్లు జానెడు రబ్బరు గొట్టం మార్చితే పని అయిపోతుంది.

డీజెలు ట్రక్కయితే ముందు పంపు సంగతి చూడాలి. సాధారణంగా డీజెలు ఇంజనుకు గాలిదారిని మూసే తలుపు ఉండదు కనుక శూన్యమూ పుట్టదు. దానికోసం విడిగా ఒక పంపు పెడతారు. ఇటీవలి ట్రక్కుల్లో పొరకు బదులు చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది. దాని ప్లాస్టిక్ పళ్ళు అరిగితే 'టిక్ టిక్' మంటుందే గాని తలుపు కదలదు. కొన్నిసార్లు ఇవేవీ కావు. చలికి తలదాచుకున్న ఎలుక ఒకటి గాలిగొట్టంలో గూడు కట్టుకుని ఉంటుంది.