నీరు తాగిన ఇంజను

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగాయి. ఇళ్లతో పాటు, వీధుల్లో నిలిపి ఉంచిన కార్లూ మోటారు సైకిళ్లూ మునిగాయి. వరద తీయగానే బండి యజమానికి కలిగే మొదటి కోరిక ఒక్కటే: తాళం చెవి తిప్పి, స్టార్టు అవుతుందో లేదో చూడాలని. కాని అనుభవం గల మెకానిక్కు మొదట చెప్పే మాట "స్టార్టు చేయకండి" అని. బాగుపడగల ఇంజను ఆ ఒక్క ప్రయత్నంతో పాడైపోవచ్చు. ఎందుకో తెలుసుకుందాం.

ఇంజను ఊపిరి

కారు పెట్రోలుతో నడుస్తుందని అంటాము. నిజానికి ఇంజను పెట్రోలు కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా గాలిని తీసుకుంటుంది. 1200 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతూ పూర్తి శక్తితో పని చేసేటప్పుడు సెకనుకు సుమారు 30 లీటర్ల గాలిని పీలుస్తుంది. ఈ గాలి వచ్చే గొట్టం మూతి సాధారణంగా బానెట్టు కింద, ముందు భాగంలో ఉంటుంది. నీరు అంత ఎత్తుకు వచ్చినా, కారు వేగంగా నీటిలోకి పోయినప్పుడు ముందు లేచే అల ఆ మూతిని అందుకున్నా, ఇంజను గాలికి బదులు నీటిని పీలుస్తుంది.

సిలిండరులో జరిగే పని నాలుగు దశలుగా ఉంటుందని మీరు చదువుకొనే ఉంటారు. పిస్టను కిందికి దిగుతూ గాలినీ ఇంధనాన్నీ లోపలికి తీసుకుంటుంది. కవాటాలు మూసుకున్నాక పైకి వస్తూ వాటిని అదుముతుంది. స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వతో ఇంధనం మండి పిస్టనును కిందికి తోస్తుంది. చివరకు పిస్టను మళ్లీ పైకి వచ్చి పొగను బయటకు నెడుతుంది. ప్రమాదమంతా రెండవ దశలో ఉంది.

ఒక చిన్న ప్రయోగం

మందుల దుకాణంలో సూది లేని ప్లాస్టిక్ సిరంజి ఒకటి అడిగి తీసుకోండి. దానిలో గాలి నింపి, మూతిని వేలితో గట్టిగా మూసి, వెనుక నుంచి నొక్కండి. గాలి సగానికి పైగా కుంచించుకుపోతుంది. ఇప్పుడు గాలి లేకుండా నీరు నింపి అదే విధంగా నొక్కండి. ఎంత బలం పెట్టినా కదలదు. నీటి ఘనపరిమాణాన్ని నూటికి ఒక వంతు తగ్గించాలన్నా వాతావరణ పీడనానికి 200 రెట్లకు మించిన పీడనం కావాలి. కారు బ్రేకులు పని చేసేదీ ద్రవాలకు గల ఈ గుణం మీదనే. బ్రేకులో మేలు చేసిన గుణమే సిలిండరులో కీడు చేస్తుంది.

ఎంత నీరు చాలు?

మన 1200 ఘ.సెం.మీ. ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానిలో పిస్టను కదిలే మేర 300 ఘ.సెం.మీ. సంపీడన నిష్పత్తి 10 అయితే, పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 300ను 9తో భాగించగా వచ్చేది, అంటే సుమారు 33 ఘ.సెం.మీ. మాత్రమే. అంతకు మించి నీరు చేరితే పిస్టను పైకి రాలేదు. 33 ఘ.సెం.మీ. అంటే రెండు పెద్ద చెంచాల కంటె కొంచెం ఎక్కువ!

నడుస్తున్న ఇంజనులో ఇలా జరిగితే పిస్టను ఆగిపోతుంది, కాని కింద క్రాంకు షాఫ్టు వేగంతో తిరుగుతూనే ఉంటుంది. రెండింటి నడుమ ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, లేదా విరుగుతుంది. ఆగి ఉండగా మునిగిన ఇంజనులో ఆ తోపు లేదు కనుక రాడ్డు క్షేమంగానే ఉంటుంది. అప్పుడు స్టార్టు చేస్తే, నీరు లేని సిలిండర్లు అంటుకొని ఇంజను వేగం అందుకోవచ్చు. గొట్టంలో మిగిలిన నీరు మరో సిలిండరులోకి చేరవచ్చు. అందుకే ఆ హెచ్చరిక.

మెకానిక్కు పరీక్షలు

మెకానిక్కు మొదట ఒక ప్రశ్న అడుగుతాడు: బండి నిలిచి ఉండగా మునిగిందా, నీటిలో నడుస్తూ టక్కున ఆగిందా? రెండవదైతే రాడ్డు మీద అనుమానం ఎక్కువ.

తరువాత బ్యాటరీ తీగ విప్పి, గాలిని వడపోసే ఫిల్టరు చూస్తాడు. అది, దాని వెనుక గొట్టం పొడిగా ఉంటే ఆ దారిన నీరు పోలేదన్నమాట. లోపం విద్యుత్తు భాగాలలో ఉండవచ్చు. తడిగా ఉంటే ఆయిలు చూడాలి. డిప్‌స్టిక్ అనే ఊచ బయటకు తీసినప్పుడు ఆయిలు మట్టం పెరిగి, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీరు కలిసినట్టే.

అప్పుడు స్పార్కు ప్లగ్గులన్నీ విప్పి, క్రాంకు షాఫ్టును పానాతో చేతితోనే నెమ్మదిగా తిప్పుతాడు. దారి తెరుచుకున్నందున నీరు ప్లగ్గు రంధ్రాల గుండా బయటకు చిమ్ముతుంది. షాఫ్టు తిరగకపోతే బలవంతం చేయడు, ఇంజను విప్పవలసిందే. తిరిగితే నీరంతా పోయేదాకా తిప్పి, ఆయిలు, ఫిల్టర్లు మార్చుతాడు.

చివరిది పీడన పరీక్ష. ప్రతి సిలిండరులోను గాలి ఎంత పీడనానికి అదుముకుంటున్నదో మీటరుతో కొలుస్తాడు. సిలిండరు వ్యాసం 7.3 సెం.మీ. అనుకుందాం. రాడ్డు వంగి ఒక్క మిల్లీమీటరు పొట్టి అయితే పైన సుమారు 4 ఘ.సెం.మీ. చోటు పెరుగుతుంది. సంపీడన నిష్పత్తి 10 నుంచి 9కి పడిపోతుంది. నాలుగింటిలో ఒక్క సిలిండరులోనే పీడనం తగ్గితే రాడ్డు వంగిందేమోనని అనుమానించాలి. కవాటాలు, రింగులు కారినా పీడనం తగ్గుతుంది కనుక, పిస్టన్లు పైకి వచ్చే ఎత్తును కూడా ప్లగ్గు రంధ్రం గుండా కొలిచి పోల్చుతాడు.

ఈ పరీక్షను వదిలివేయరాదు. కొంచెం వంగిన రాడ్డుతో ఇంజను స్టార్టు అవుతుంది, కొన్నాళ్లు నడుస్తుంది కూడా. కాని వంగిన చోట లోహం ప్రతి తిప్పుకూ అలసిపోతూ, ఒకనాడు వేగంగా పోతున్నప్పుడు తెగి, ఇంజను గోడనే పగలగొట్టవచ్చు. స్టార్టు అయినంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు.

ఇప్పుడు మీకొక లెక్క. డీజిలు ఇంజనులో కూడా పిస్టను కదిలే మేర 300 ఘ.సెం.మీ., సంపీడన నిష్పత్తి 18 అనుకోండి. దానిని ఆపడానికి ఎంత నీరు చాలు? లెక్క కట్టి, రెండు ఇంజన్లలో వరదకు ఏది త్వరగా లొంగుతుందో మీరే చెప్పండి.