బండి కొనల్లా... బస్సుకే పోవల్లా?

హోసూరు: టీవీఎస్‌ 50 మోపెడ్‌ 1980లో బయటికొచ్చింది మన హోసూరు నుంచే. ఇప్పటికీ ఇక్కడ తయారైన బళ్లు దేశమంతా తిరుగుతున్నాయి. అయితేనేం... బాగలూరు దాటాక ఉన్న ఓ పల్లెలో, ఓ తెలుగింట మొదటి బండి కొనాలా వద్దా అన్నది రెండు నెలలుగా తెగని పంచాయితీ!

పెద్దాయనది ఎకరా గులాబీ తోట. కొడుకు సిప్‌కాట్‌లో విడిభాగాల యూనిట్‌లో కాంట్రాక్టు పనికి పోతాడు. చేతికొచ్చేది 16 వేలు. చెల్లెలు డిగ్రీ చదువుతోంది. రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి 11 దాటుతుంది. అప్పటికి ఊరికి బస్సుండదు. తెలిసినవాళ్లెవరైనా బండి ఎక్కించుకుంటే సరి, లేదంటే బస్టాండు బెంచీ మీదే తెల్లారుతుంది.

‘‘ఆ దుడ్డుతో ఆవును పట్టుకొస్తే పాలిస్తాది. బండి ఏమిస్తాది రా?’’ అని తండ్రి.

‘‘నిద్ర ఇస్తాది నాయనా’’ అని కొడుకు.

తల్లి భయం వేరు. ‘‘అర్ధరాత్రి లారీల మధ్య హైవే దాటి రావల్ల. నువ్వు ఇల్లు చేరేదాకా నాకు నిద్ర పడతాదా?’’ అంటోంది.

లెక్కలో మెలిక

షోరూంలో ఆన్‌రోడ్‌ ధర 92 వేలని రాసిచ్చారు. 350 సీసీ వరకు బళ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత కలిసొచ్చింది. ముందు 20 వేలు కట్టాలి. మిగతా 72 వేలకు ‘12 శాతమే’ వడ్డీ, 24 కంతులు, నెలకు రూ.3,720.

ఆ ‘12 శాతమే’ దగ్గరే జాగ్రత్త. అది ఫ్లాట్‌ వడ్డీ. కంతు కంతుకూ అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం ఆఖరిదాకా 72 వేల మీదే. రెండేళ్లకు రూ.17,280. తగ్గే అసలు మీద లెక్కగడితే ఏడాదికి 21 శాతం పైమాటే!

పనికి పోనూ రానూ 40 కిలోమీటర్లు. నెలకు 26 రోజులు, లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చినా దాదాపు 21 లీటర్లు కావాలి. లీటరు వంద లెక్కన వేసుకున్నా రూ.2,100. సర్వీసుకు, టైర్లకు నెలకు 300 పక్కన పెడితే మొత్తం రూ.6,120. బస్సుకు, ఆటోకు ఇప్పుడు పోతున్నది రూ.1,800. అంటే నెలనెలా రూ.4,320 అదనం. కాంట్రాక్టు పని ఎప్పుడు ఆగేదీ చెప్పలేరు. కంతు మాత్రం ఆగదు.

పాత బండి అయితే..?

‘బెంగళూరులో చవకగా దొరుకుతాది’ అన్నారు చుట్టాలు. మన సరిహద్దు జనం తరచూ చిక్కుకునేది ఇక్కడే. కేఏ నంబరు బండిని తమిళనాడులో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్‌ చేయించాలి. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఇక్కడి పన్నూ కట్టాలి. కుప్పం నుంచి తెచ్చుకునే ఏపీ బండికీ ఇదే చట్టం. ఆర్‌సీలో ఫైనాన్స్‌ పేరుంటే, అది కొట్టేయించాకే డబ్బు చేతికివ్వడం మంచిది. ఇవన్నీ లెక్కేసుకుంటే ‘చవక’ ఎంత మిగిలేదీ తేలుతుంది.

కొత్త బండికి 2018 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల థర్డ్‌పార్టీ బీమా తప్పనిసరి. అది ఎదుటివారి నష్టానికే. మన బండి దొంగలపాలైతే పైసా రాదు. దానికి ఓన్‌డ్యామేజీ పాలసీ వేరుగా ఉండాలి.

అమ్మ చెప్పిన ఉపాయం

చివరికి దారి చూపింది తల్లే. ‘‘బండి వచ్చిందనే అనుకో. ఆ ఎక్కువయ్యే దుడ్డు మూడు నెలలు బ్యాంకులో ఎయ్యి. ఎయ్యగలిగితే కొందాం. అంతలో లైసెన్సు తీసుకో’’ అంది. తండ్రి కాదనలేదు. కుర్రాడు ఎల్‌ఎల్‌ఆర్‌ తీసుకున్నాడు. 30 రోజులు గడిస్తే లైసెన్సు పరీక్షకు పోవచ్చు. హెల్మెట్‌ కూడా కొనేశాడు.

మొదటి నెల గడిచింది. రూ.4,320 వెయ్యాల్సిన చోట రూ.3,000 వేశాడు. మిగతాది చెల్లెలి పరీక్ష ఫీజుకు పోయింది.

‘‘ఇంకా రెండు నెలలుండాది కదన్నా, చూడల్ల’’ అంటూ చేతి గడియారం చూసుకుని, రెండో షిఫ్టుకు బస్సెక్కాడు.